పేరు కొట్టించడం

మా అటకమీద స్టీలు సామానంతా ఓసారి దింపి చూస్తే మా చుట్టాల వంశవృక్షం మొత్తం బయటపడుతుంది. గ్లాసుల మీద పెద్దాడపడుచు పేరు, పాలగిన్నె మీద మేనత్త పేరు, కూజా మీద మావారి ఆఫీసు స్నేహితులందరి పేర్లూ. పెళ్ళికీ, గృహప్రవేశానికీ, పిల్లల బారసాలలకీ వచ్చినవి. గిన్నె కొన్న దుకాణంలోనే ఒక కుర్రాడు చిన్న మిషను పట్టుకుని జుయ్యిమంటూ క్షణంలో పేరు కొట్టి ఇచ్చేవాడు. పేరు కొట్టించకుండా గిన్నె ఇవ్వడమంటే మా అత్తగారి దృష్టిలో చుట్టరికానికే లోటు. "పేరు లేకపోతే ఎవరు పెట్టారో ఎలా తెలుస్తుందే? రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే మనమేం పెట్టాలో ఎలా తెలుస్తుంది?" అనేవారావిడ. ఇంకో లాభం కూడా ఉంది. కూర వేసి పక్కింటికి పంపిన గిన్నె, పేరుంటే తిరిగి వస్తుంది. లేకపోతే దాని ప్రాప్తం దానిది.

కాబట్టి పేర్లు వేయించుకోవడం మీద నాకేమీ చిన్నచూపు లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. తర్వాత చెప్పబోయే సంగతులు విని నేనేదో వైరాగ్యం వెలగబెడుతున్నానని మీరనుకోకూడదు.

ఉద్యోగం మానేశాక మేము మా ఊరు వచ్చేశాం. గోదావరి గట్టు దగ్గర ఊరు. నేను చదువుకున్న హైస్కూలు మా వీధి చివరే. మా నాన్నగారి తరం వాళ్ళు దాన్ని చివరిదాకా "బోర్డు హైస్కూలు" అనే అన్నారు. 1959లో జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చినా వాళ్ళ నోట ఆ మాట మారలేదు. వరండాలో నిలువెత్తు నల్లరాయి ఉంది. స్థలం ఇచ్చినవారు, గదులు కట్టించినవారు, వెయ్యినూటపదహార్లు ఇచ్చినవారు, అందరి పేర్లూ వరుసగా ఉన్నాయి. చదువుకునే రోజుల్లో ఆ రాయి మాకు చేరగిలబడడానికి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు. ఇప్పుడు వెళ్ళి తీరిగ్గా చదివాను. అందరూ మగవాళ్ళే. ఒకేఒక్క చోట ఫలానావారి "భార్య" అని ఉంది. తరవాత ఆవిడ పేరుండాలి కదా, అక్కడ రాయి పెచ్చు ఊడిపోయింది!

మేము పదోతరగతి పాసయి 2025కి యాభై ఏళ్ళు. ఈ మధ్య పూర్వవిద్యార్థుల సమ్మేళనాలు జరగని ఊరు లేదు కదా. మేమూ కలిశాం. గుర్తుపట్టుకోవడాలూ, "నువ్వేనా ఇలా అయిపోయావూ" అనుకోవడాలూ అయ్యాక, బడికి ఏదైనా చేద్దామన్నారు. పిల్లలు వేపచెట్టు కింద కూచుని అన్నం తింటున్నారు, వానొస్తే వరండాలోకి పరుగు. భోజనాల షెడ్డు ఒకటి కట్టిద్దామని తేలింది. చందా ఎంతయినా ఇవ్వొచ్చు గానీ, అయిదువేల నూటపదహార్లూ ఆపైనా ఇచ్చినవారి పేర్లు మాత్రమే రాతి మీద చెక్కించాలని నియమం పెట్టారు. నా దస్తూరీ బాగుంటుందని జాబితా రాసే పని నాకు అప్పగించారు.

అప్పటిదాకా స్నేహంగా ఉన్నవాళ్ళ మధ్య ఆ జాబితా పెట్టిన చిచ్చు ఇంతా అంతా కాదు. డబ్బు వరసలో రాయాలా, అక్షరాల వరసలోనా? చదువుకి డిగ్రీలు పెట్టాలా వద్దా? రాళ్ళు చెక్కే ఆయన అక్షరానికి ఇంత అని లెక్కకడతాడు. డిగ్రీలు చేర్చేసరికి రాయి ఖర్చు షెడ్డు రేకులతో పోటీపడింది. అమెరికాలో ఉన్న మా క్లాసాయన రెండు లక్షలు పంపి, "నా పేరు వద్దు, మా అమ్మ పేరు ఒక్కటీ వెయ్యండి చాలు. గేదెల్ని మేపి నా పరీక్ష ఫీజులు కట్టింది" అని ఫోన్లో చెప్పాడు. నాకు కళ్ళు చెమర్చాయి. కమిటీకి చెమర్చలేదు. "అలా కుదరదండీ, ఎవరిచ్చారో తెలియకపోతే ఎలా?" అని, వాళ్ళమ్మ పేరు కింద "వీరి కుమారుడు" అంటూ ఆయన పేరూ, ఉద్యోగమూ, ఉండే ఊరూ వేయించారు. పాపం ఆవిడకి ఒక లైనూ, కొడుక్కి రెండు లైన్లూ.

గుప్తదానం గొప్పదంటారు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడంచేతికి తెలియకూడదంటారు. నిజమే కాని, కమిటీ వాళ్ళన్న మాటా కొట్టిపారెయ్యలేం. "ఒకళ్ళ పేరు చూసి ఇంకొకళ్ళు ఇస్తారమ్మా, పేరే లేకపోతే రేపు ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు" అన్నారు. మన సత్రాలూ, చెరువులూ, గుళ్ళో మెట్లూ, గంటలూ సగం పేరు మీద ఆశతోనే కదా వెలిశాయి? పేరు కోసం తవ్వించినా చెరువులో నీళ్ళు నీళ్ళే, పశువులు తాగుతూనే ఉంటాయి. ఇచ్చినాయన మనసులో ఏముందో మనం తవ్వి చూడక్కర్లేదని నా అభిప్రాయం.

నా పేచీ ఇచ్చినవాళ్ళతో కాదు. డబ్బు కాకుండా ఇంకేదో ఇచ్చేవాళ్ళు ఉంటారే, వాళ్ళని ఏ వరసలో రాయాలన్నది నా బాధ.

బడిలో వంట చేసేవాళ్ళు నలుగురు. అందులో పెద్దావిడ పదిహేనేళ్ళుగా చేస్తోంది. నాకంటే అయిదారేళ్ళే చిన్న. నన్ను "అమ్మగారండీ" అంటుంది, నేను "నువ్వు" అంటాను. ఇది రాస్తుంటేనే నాకు తోచింది. సరే, షెడ్డు పని చూడడానికి రోజూ వెళ్ళేదాన్ని కదా, ఆవిడ వంట కూడా చూశాను. మనం పదిమందికి వండితే నడుం పట్టుకుంటాం. మూడు వందల మందికి వండే ఇల్లాలి సంగతి ఆలోచించండి. లెక్క ప్రకారం చిన్న క్లాసుల పిల్లకి రోజుకి నూరు గ్రాముల బియ్యం, ఇరవై గ్రాముల పప్పు, యాభై గ్రాముల కూర, అయిదు గ్రాముల నూనె. ఆరో క్లాసు నుంచి దీనికి ఒకటిన్నర రెట్లు. బియ్యం సర్కారే ఇస్తుంది. మిగతా సరుకులకీ పొయ్యికీ కలిపి కేంద్రం వారు 2025 మే నుంచి కట్టిన ధర చిన్న క్లాసులకి తలకి 6 రూపాయల 78 పైసలు, పై క్లాసులకి 10 రూపాయల 17 పైసలు. టమాటాలు కిలో అరవై ఉన్న రోజున ఇందులో చారు ఎలా పెట్టాలో నన్నెవరైనా అడిగితే నేను లేచి వెళ్ళిపోతాను. ఆవిడ పెరట్లో మునక్కాడలు తెచ్చి వేసి పెడుతుంది. కొట్టువాడి దగ్గర తన పేరు మీద అరువు తెస్తుంది. సోమవారంనాడు కొందరు పిల్లలు మరీ ఆకలిగా వస్తారనీ, వాళ్ళెవరో తనకి తెలుసుననీ, వాళ్ళ పళ్ళెంలో ముందే కొంచెం ఎక్కువ వేస్తాననీ చెప్పింది. ఇది ఏ రిజిస్టరులోనూ ఉండదు.

వంటవాళ్ళకి గౌరవ వేతనమని ఇస్తారు. 2009లో నెలకి వెయ్యి రూపాయలని కేంద్రం నిర్ణయించింది. మన ఆంధ్రప్రదేశ్ లో 2019లో మూడువేలు చేశారు. జీతం అనకుండా గౌరవ వేతనం అనడంలోనే ఉంది చమత్కారం. వేతనం తక్కువైనచోట గౌరవం వేసి నింపుతారు కాబోలు.

ఈ నలుగురి పేర్లూ రాతి మీద కింద ఒక వరసలో వేద్దామని మీటింగులో అన్నాను. మా లెక్కల మాస్టారు, ఎనభై దాటాయి ఆయనకి, వెంటనే అందుకున్నారు. "జీతం తీసుకుని చేసేదానికి పేరేమిటమ్మా? ఆ లెక్కన ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను, ఏ గోడమీదైనా నా పేరుందా? ఇప్పుడు అయిదువేలిచ్చాను కనక ఎక్కుతోంది."

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. విధి నిర్వహణకి మెచ్చుకోలు ఎందుకు? పోస్టుమాను ఉత్తరం ఇస్తే శాలువా కప్పుతామా? కాని ఆయన వీధిలో నడుస్తుంటే నలభై ఏళ్ళవాడు కూడా సైకిలు దిగి "నమస్కారం మాస్టారూ" అంటాడు. ఆయన పేరు అలా నడుస్తూనే ఉంది. ఆవిడని మాత్రం పిల్లలు "ఆయా" అంటారు, హెడ్మాస్టరుగారు "వంటామె" అంటారు. పైగా జీతం వంట చెయ్యడానికి. సోమవారం పిల్లవాడిని గుర్తుపెట్టుకోవడానికి ఎవరూ జీతం ఇవ్వడం లేదు. నాకు ఈ మాటలు మీటింగులో తట్టలేదు లెండి. ఇంటికొచ్చి కూర తరుగుతుంటే తట్టాయి. మీటింగులో నేనన్నదల్లా "పోనీ, కనీసం ఒక శాలువా అయినా కప్పుదాం" అని. అందరూ ఒప్పేసుకున్నారు. శాలువా అంటే మనవాళ్ళు దేనికైనా ఒప్పుకుంటారు.

పిల్లల తల్లులు కమిటీలో ఉన్నారుగా, వాళ్ళేమన్నారంటారా? విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లోకి వచ్చాక బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి. ఉన్నారు. వచ్చి వెనక బెంచీలో కూచుని, పుస్తకంలో సంతకం పెట్టి, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చామని వెళ్ళిపోయారు. వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇక్కడ డొక్కా సీతమ్మగారి మాట చెప్పకుండా ఉండలేను. మా గోదావరి లంకల్లో అన్నం అంటే ఆవిడే గుర్తొస్తారు. 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరంలో తన ఇంట్లో ఏ వేళకి ఎవరొచ్చినా, కులం అడగకుండా, వరదల్లోనూ వానల్లోనూ అన్నం పెట్టారు. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం పండగకి రమ్మని దొరలు పిలిస్తే, "నేనొస్తే ఇక్కడికొచ్చేవాళ్ళకి అన్నం ఎవరు పెడతారు" అని మానేశారనీ, చివరికి ఫోటో అయినా ఇమ్మని తీయించుకుపోయారనీ మా అమ్మమ్మ చెప్పేది. గన్నవరంలో కాలవని గోదావరి దాటించే వంతెనకి ఆవిడ పేరే. 2024లో బడి భోజనం పథకానికి కూడా ఆవిడ పేరే పెట్టారు. మంచి పని చేశారు. రోజూ లక్షల మంది పిల్లలు తినే అన్నానికి మించిన శిలాఫలకం ఇంకేముంటుంది? మా బడిలో కూడా వారం మెనూతోబాటు గోడమీద ఆ పేరు రాసుంది. ఆ గోడకింద నిలబడి గరిటె తిప్పే మనిషి పేరు ఏ గోడమీదా లేదు.

షెడ్డు తెరిచే రోజు వచ్చింది. పెద్దలు వచ్చారు, కొబ్బరికాయ కొట్టారు, రాయి మీద తెర లాగారు. ఉపన్యాసాలు సాగుతుండగా నేను మైకులో ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పి వేదిక మీదికి పిలిచాను. రాలేదు. మళ్ళీ పిలిచాను. ఓ పిల్లాడు పరుగెత్తుకెళ్ళి పిలుచుకొచ్చాడు. పులిహోర కలుపుతోందట, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. శాలువా కప్పాం. ఒకటే చప్పట్లు. ఫోటో తీశారు. ఆవిడ తల వంచుకుని నిలబడింది. నాకు ఎంత సంతోషమయిందంటే, ఆ రాత్రి మావారితో నాలుగుసార్లు చెప్పి ఉంటాను. ఆయన నాలుగోసారి "ఊఁ, బాగా చేశావు. మిగతా ముగ్గురికీ కూడా కప్పారా?" అన్నారు.

నేను తెచ్చింది ఒక్క శాలువా!

తరవాత వారంరోజులు మిగతా ముగ్గురూ ఆవిడతో మాట్లాడలేదు. పొద్దున్నే బియ్యం కడగడానికి తోడు రాలేదు. "మైకులో నీ పేరే చెప్పారు కదా, నువ్వే కడుక్కో" అన్నారట. నేను వెళ్ళి క్షమాపణ చెప్పుకోబోతే ఆవిడే నన్ను ఓదార్చింది. "పర్లేదండి, మీరు మంచికే చేశారండి ఆయ్. దాందేముంది, అదే సర్దుకుంటాదండి" అంది. కాసేపు ఊరుకుని మళ్ళీ అంది: "మా నలుగురికీ నాలుగు నెలల్నించి డబ్బులు పళ్ళేదండి. సరుకుల బిల్లూ రాలేదు. కొట్టాయన మొహం చూళ్ళేకపోతన్నాను. మీరు శాలువా కప్పినప్పుడు పెద్దోళ్ళందరూ నా వంకే చూశారు కదండి. ఆ ముక్క అప్పుడే మైకులో అనేస్తే పోయేదేమో. నాకు నోరు రాలేదండి."

నా మొహాన ఎవరో నీళ్ళు కొట్టినట్టయింది. నేను మైకులో ఆవిడ ఓర్పుని పొగిడాను. అన్నపూర్ణ అన్నాను. నాలుగు నెలల బాకీ గురించి అడిగి తెలుసుకోవాలని కూడా నాకు తోచలేదు. శాలువా ఎవరి కోసం కప్పాను? ఆవిడ కోసమా, కప్పిన నా చేతుల కోసమా? అయిదువేల నూటపదహార్లిచ్చినాయన కనీసం తన డబ్బుతో తన పేరు కొనుక్కున్నాడు. నేను ఆవిడ పదిహేనేళ్ళ చాకిరీ పెట్టుబడిగా, మూడు వందల శాలువా ఖర్చుతో మంచిమనిషినని పేరు కొట్టేశాను. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఇదే కాబోలు.

అలా అని సన్మానాలన్నీ బూటకమని తేల్చేద్దామా అంటే అదీ కుదరలేదు. దసరాకి వాళ్ళింటికి వెళ్ళాను. గోడమీద, దేవుడి పటం పక్కనే, ఆ ఫోటో కట్టించి పెట్టుకుంది. చుట్టాలొస్తే ముందు అదే చూపిస్తుందని కోడలు చెప్పి నవ్వింది. శాలువా మాత్రం కనపడలేదు. కోడలి పురిటికి పసిబిడ్డ కింద పరిచారట. మెత్తగా ఉందని ఆవిడ చాలా మెచ్చుకుంది. అంటే ఆ ఫోటో ఆవిడకి కావాలి. డబ్బూ కావాలి. ఒకటిచ్చి రెండోదాన్ని మరిపిద్దామన్న తెలివి నాలాంటివాళ్ళదే గాని ఆవిడది కాదు.

బాకీ సంగతి ఏమయిందంటారా? ఈసారి కమిటీ మీటింగులో నేను వెనక బెంచీలో తల్లుల పక్కన కూచున్నాను. మాట్లాడమని వాళ్ళనే అడిగాను. మొదట ఎవరూ నోరు విప్పలేదు. తరవాత ఒకమ్మాయి, ఇంటరు చదివి మానేసిందిట, లేచి "బిల్లు రాకపోతే అన్నం ఎలా వండుతారు సార్?" అంది. అంతే, మిగతావాళ్ళు అందుకున్నారు. అర్జీ రాశాం. ఈసారి దస్తూరీ ఆ అమ్మాయిది, సంతకాలు పదకొండు, వేలిముద్రలు రెండు. మూడు వారాలకి రెండు నెలల డబ్బు వచ్చింది. మిగతా రెండు నెలలదీ ఇంకా రావాలి. ముగ్గురికీ మూడు శాలువాలు కొందామా అని అడిగితే ఆ ముగ్గురూ ఒక్కమాటే అన్నారు: "వద్దండి, రెండు పెద్ద కళాయిలు కొనిపెట్టండి." కొన్నాం. వాటి మీద పేర్లు కొట్టించాలా అని దుకాణంవాడు అడిగాడు. నలుగురి పేర్లూ కొట్టించాను. పక్కింటికి పోయినా తిరిగొస్తాయి కదా!

మొన్న ఒకరోజు షెడ్డు దగ్గర నిలబడి ఉంటే ఆవిడ రాతి దగ్గరికి వచ్చింది. ఏడో తరగతి దాకా చదివిందిట, అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంది. "మీ పేరెక్కడుందండి?" అంది. నా ఇరవై వేలు నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవయ్యేడేళ్ళు హెడ్ సెట్ పెట్టుకుని తెచ్చుకున్న పెన్షన్లోవి. పేరు గర్వంగానే చూపించాను. ఆవిడ వేలు పెట్టి చదివింది. "శ్రీ మ తి..." తరవాత "మరియు శ్రీ..." తరవాత మావారి ఇంటిపేరూ, పేరూ. నేను నా చేత్తో రాసిచ్చిన జాబితాలోదే. రాసేటప్పుడు కలం ఎక్కడా ఆగలేదు.

ఆవిడ మళ్ళీ మొదటినుంచీ చదివింది. "ఇందులో మీ పేరు లేదు కదండి?" అంది.

ఏం చెప్పాలా అని చూస్తుండగానే మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు పళ్ళాలు మోగించుకుంటూ ఒక్కసారిగా వచ్చిపడ్డారు. ఆవిడ గరిటె అందుకుని వెళ్ళిపోయింది.